అడ్మిషన్ రిజిస్టర్లో ఏడో గడి

చేతిరాత బాగుండటం ఆడదానికి శాపం. ఈ మాట ఎవరూ అనగా వినలేదు, నేనే కనిపెట్టాను. రేపల్లెలో ఆ క్రైస్తవ బడిలో తెలుగు టీచరుగా చేరిన రోజు హెడ్మిస్ట్రెస్ గారు నా చేత బోర్డు మీద రెండు వాక్యాలు రాయించి, కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "అమ్మాయ్, రేపట్నుంచి అడ్మిషన్ రిజిస్టర్ నువ్వే రాయి" అన్నారు. పొంగిపోయాను, నా మొహం! రెండు వాక్యాలు రాసినందుకు ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ ఆ చాకిరీ నా నెత్తినే పడింది.

ఎనభైల మొదట్లో మాట ఇది. మా ఇల్లు తెనాలిలో. పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కితే వేమూరు దాటేలోగా ఒక కునుకు, భట్టిప్రోలులో మెలకువ. స్టేషన్లో దిగి, రైసుమిల్లుల ఊక కళ్ళలో పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని పది నిమిషాలు నడిస్తే బడి. చర్చి ప్రహరీలోనే రెండు పెంకుల షెడ్లు, తర్వాత ఎప్పుడో కట్టిన డాబా గదులు నాలుగు. ఎల్కేజీ నుంచి పదో తరగతి దాకా అన్నీ ఆ ప్రహరీలోనే. ఒక గోడకి ఇవతల సమాసాలు చెబుతుంటే అవతల ఎల్కేజీ వాళ్ళు అమ్మ కావాలని రాగం తీస్తుండేవాళ్ళు. పేరుకి తెలుగు టీచర్ని. సైన్సు మాస్టారు రాకపోతే సైన్సు నేనే, ఆయా రాకపోతే ముక్కులు తుడవడమూ నేనే. సాయంత్రానికి గొంతూ నడుమూ ఓపికా మూడూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పడిపోయేవి. ఇంటికెళ్ళి చెప్పులు విప్పడానికి కూడా బద్ధకంగా ఉండేది.

హెడ్మిస్ట్రెస్ గారు ఆ చర్చి పాస్టరు గారి భార్య. సంఘంలో అందరూ ఆమెని అమ్మగారు అనేవాళ్ళు, బడిలో మేమూ అమ్మగారనే పిలిచేవాళ్ళం. ఇంగ్లీషు మీడియం కోసం మిల్లుల వాళ్ళ పిల్లలూ బజారులో షాపుల వాళ్ళ పిల్లలూ రిక్షాల్లో దిగేవాళ్ళు. చుట్టుపక్కల పల్లెల నుంచి సంఘం పిల్లలు నడిచి వచ్చేవాళ్ళు. వాళ్ళకి ఫీజు లేకుండా కొన్ని సీట్లు ఉండేవి. పొద్దున ప్రార్థనకి బొట్టున్న పిల్లలూ లేని పిల్లలూ ఒకటే వరసలో నిలబడి చేతులు జోడించేవాళ్ళు. అది చూస్తే మాత్రం ఎంత అలసటలోనైనా బాగుండేది.

ఇక రిజిస్టర్. పొడుగాటి పుస్తకం, గుడ్డ అట్ట, ఒక్కో పిల్లకి ఒక్కో వరస. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, అలా గడులు. పుట్టిన తేదీ పల్లెలో ఎవరికీ తెలిసేది కాదు. "నాట్లప్పుడండి" అనో "గాలివాన ఏడాదండి" అనో చెప్పేవాళ్ళు. అందుకని పల్లె పిల్లలంతా జూన్ ఒకటినే పుట్టేవాళ్ళు. అంత పచ్చి అబద్ధం రాయడానికి నాకు ఏనాడూ చెయ్యి వణకలేదు. ఏడో గడి దగ్గరే ఆగేది. అందులో రాయాల్సింది మతం, కులం.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా పల్లెల్లో తాతల నాడే క్రీస్తుని నమ్ముకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. సర్కారు రూలు ప్రకారం క్రైస్తవుడని కాగితం మీద పడితే ఎస్సీ కాడు, బీసీ-సి అవుతాడు. ఎస్సీ హాస్టలూ స్కాలర్‌షిప్పూ సీటూ అన్నీ పోతాయి. కులం మాత్రం ఎక్కడికీ పోదు. హోటల్లో మనకి గ్లాసు విడిగా పెట్టేవాడికి మనం ఆదివారం ఎక్కడికెళతామో అక్కర్లేదు. అందుకని చర్చిలో పాటలు పాడే పిల్లలు బడి రిజిస్టర్లో హిందువులు. క్రైస్తవ బడిలో కూడా అంతే. నేను గొంతు తగ్గించి "అందరికీ రాసినట్టేనా?" అనేదాన్ని, వాళ్ళు నేల చూపులు చూసి "అంతేనండి" అనేవాళ్ళు. ఆ మాట మీద ఇంకెవరూ మాట పెంచేవాళ్ళు కాదు.

నా సర్టిఫికెట్టూ అదే. మా నాన్న సంఘంలో ఉపదేశి. పాస్టరు గారు రాని ఆదివారం ఆయనే ప్రసంగం చేసేవాడు. వాక్యం చెబుతుంటే వీధి చివరిదాకా వినిపించేది. అంత గొంతున్న మనిషి నన్ను ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు మాస్టారి చెవి దగ్గరకి వంగి, "హిందువనే రాయండి బాబూ" అన్నాడు. ఆ వంగడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. నా బి.ఇడి సీటు ఆ వంగడంతోనే వచ్చింది.

నేను చేరిన ఏడాది జూన్‌లో చర్చి ఆవరణలో మూడు రోజులు ఉజ్జీవ కూటాలు పెట్టారు. బాపట్ల నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. సన్నటి మనిషి, గొంతు మాత్రం ఉరుము. మూడో సాయంత్రం ఆయన ఒక శిష్యుడి సంగతి ఎత్తుకున్నాడు. తన ప్రభువుని పట్టుకుపోయిన వేళ, "నువ్వూ ఆయన మనిషివే కదా" అని జనం మూడుసార్లు అడిగితే, కోడి కూసేలోగా మూడుసార్లూ "ఆయనెవరో నేనెరుగను" అన్న శిష్యుడి సంగతి. "మీలో ఎంతమంది కాగితాల మీద ఆ మాట రాయించుకున్నారు?" అన్నాడు చూపుడువేలు తిప్పుతూ. ఆ వేలు నా దగ్గరే ఆగిందనిపించింది. వెక్కి వెక్కి ఏడ్చాను. ఇక ఆ గడిలో నా చేత్తో అబద్ధం రాయనని ప్రభువుకి మాటిచ్చాను.

సోమవారం ఒకామె వచ్చింది. కూలి పని చేసుకునే మనిషి, సంఘం మనిషే. చంకలో మూడేళ్ళు దాటిన పిల్ల.

"పుట్టిందెప్పుడమ్మా?"

"కోతలప్పుడండి పంతులమ్మగారూ."

జూన్ ఒకటి రాశాను. పుట్టుమచ్చల కోసం గౌను కాలరు లాగి చూస్తే మెడ మీద ఒకటి కనపడింది. పిల్ల చక్కిలిగింతలకి కిలకిలా నవ్వింది. ఏడో గడి దగ్గరకి వచ్చాను. గొంతు తగ్గించలేదు, అసలు అడగనే లేదు. "క్రైస్తవ" అని రాసి, కులం దగ్గర అడ్డగీత పెట్టాను. గుండ్రంగా, తీరిగ్గా రాశాను.

"ఇక్కడేనాండి ఏలుముద్ర?" అంది ఆమె.

"ఇక్కడే వెయ్యమ్మా" అన్నాను.

ఆ సాయంత్రం బండిలో ఎంత హాయిగా నిద్రపట్టిందంటే, తెనాలిలో పక్కావిడ తట్టి లేపాల్సొచ్చింది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

నా భక్తి వారం రోజులు నిలిచింది. మళ్ళీ సోమవారం ఇంకొకాయన కొడుకుని చేర్చడానికి వచ్చాడు. ఆయనా మా సంఘమే, ఏదో ఆఫీసులో గుమాస్తా. చదువుకున్న మనిషి కాబట్టి నేను రాస్తుంటే తొంగి చూశాడు. "ఏంటండీ ఇది? పిల్లాడి కడుపు కొడతారా? ముందు మీ సర్టిఫికెట్ తియ్యండి, అందులో ఏముందో చూద్దాం!" అన్నాడు అందరి ముందూ. అప్పటికి "క్రై" మాత్రమే రాశాను. దాన్ని కొట్టేసి, అందరికీ రాసినట్టే రాశాను. ఆ తర్వాత మళ్ళీ ఎవరితోనూ పేచీ రాలేదు.

ముందు వారం చేరిన పిల్ల గడి మాత్రం అలాగే ఉండిపోయింది. మర్చిపోయానని చెబితే మీరు నమ్ముతారేమో గానీ నేను నమ్మను. ఆ ఏడాదే దిద్దేసి ఉంటే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. కాని అన్ని వరసల్లోనూ అదొక్కటే నేను నిజం రాసిన వరస. దిద్దబుద్ధి కాలేదు. ఎప్పుడైనా బీరువా తీస్తే ఆ పేజీ తెరిచి చూసుకుని మూసేసేదాన్ని. తర్వాత కొత్త రిజిస్టర్లు వచ్చాయి, పాతది అడుగున పడింది.

పిల్ల ఎదిగింది. మూడో తరగతిలో ఉండగా కామెర్లొచ్చి తండ్రి పోయాడు. తల్లి కూలికెళ్ళి సాకింది. మంచి గొంతు ఆ పిల్లది, చర్చిలో కొత్త పాట ఏదైనా ముందు తనే ఎత్తుకోవాలి. చదువులోనూ చురుకే, కాకపోతే నోరెక్కువ. ఆరో తరగతికి స్క్రిప్చర్ క్లాసులో నేను ఆ శిష్యుడి పాఠమే చెబుతుంటే లేచి నిలబడింది. "టీచర్, మూడుసార్లు అడిగారు కాబట్టి మూడుసార్లు అన్నాడు. ఒక్కసారే అడిగుంటే ఒక్కసారే అనేవాడు గదా? తప్పు అడిగినవాళ్ళది కాదా?" అంది. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నాకు తలనొప్పి, పైగా పక్క క్లాసు కూడా నా మీదే ఉంది. "నోర్మూసుకుని రాసుకోవే" అన్నాను. మంచి ప్రశ్న అడిగిన పిల్లకి నేనిచ్చిన జవాబు అది.

పదో తరగతికి వచ్చేసరికి తొంభైలు సగానికొచ్చాయి. నాకు జుట్టు నెరిసింది, అమ్మగారికి మోకాళ్ళు పోయాయి. దసరా సెలవులయ్యాక పబ్లిక్ పరీక్షకి పిల్లల వివరాలన్నీ నామినల్ రోల్స్‌లో రాసి పంపాలి. ఆ పని మీదుండగా ఆ తల్లి వచ్చింది. ఎమ్మార్వో ఆఫీసులో పిల్లకి ఎస్సీ సర్టిఫికెట్టు కావాలంటే బడి నుంచి కాగితం తెమ్మన్నారట.

"బాపట్లలో ఆడపిల్లల ఎస్సీ హాస్టలుందంట గదండీ. తిండీ పడకా అన్నీ ఆళ్ళే చూత్తారంట. ఇంటర్ అక్కడ సదివి నర్సమ్మ అవుద్దంటండి మా పిల్ల" అంది. మొహం వెలిగిపోతోంది. "అది రాకపోతే ఇంక నాతోపాటు నాట్లకేనండి."

అప్పుడు బీరువా అడుగు నుంచి పాత రిజిస్టర్ తీశాను. ఆ పేజీ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఏడో గడిలో నా అక్షరాలు, ఎంత అందంగా ఉన్నాయో! నా చేతులు నరికేసుకోవాలనిపించింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమెకి ముందు అర్థం కాలేదు. "మనం దేవుడి బిడ్డలమే గదండీ, ఉన్నదే రాశారు గదా" అంది.

"ఉన్నది రాస్తే ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరమ్మా."

"అంటే హాస్టలు రాదాండి?"

"రాదమ్మా."

వరండా మెట్టు మీద కూలబడింది. తలెత్తి, "రాసేటప్పుడు నన్నో మాట అడగకపోయారాండి?" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

దిద్దడానికి దారి ఒకటే ఉంది. తెనాలిలో విద్యాశాఖ ఆఫీసు నుంచి ఆర్డరు తెచ్చుకోవాలి. నామినల్ రోల్స్ వెళ్ళకముందే కావాలి, వెళ్ళాక ఇక మారదు. దానికి బడి లెటర్‌హెడ్ మీద, "ఈ బాలిక మతము పొరపాటున క్రైస్తవ అని వ్రాయబడినది" అని హెడ్మిస్ట్రెస్ సంతకంతో ఉత్తరం ఉండాలి. తల్లీ పిల్లా ఆఫీసరు ముందు నిలబడి చెప్పాలి.

అమ్మగారి దగ్గరకి వెళ్ళాను. ముక్కాలిపీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. ఉజ్జీవ కూటాల దగ్గర్నుంచి మొత్తం చెప్పి, ఉత్తరం ముందు పెట్టాను. రెండుసార్లు చదివారు.

"ఇన్నేళ్ళూ ఇలాంటి కాగితాలు ఎన్నిటి మీద సంతకాలు పెట్టానో తెలుసా?" అన్నారు. "ఒక్కటీ చదవలేదు. చదివితే పెట్టలేనని చదవలేదు. ఇవాళ నువ్వు చదివించావు."

"నాదే తప్పండీ."

"పొరపాటున అనే మాట లేకుండా కుదరదా?"

"కుదరదటండి."

"మిగతావన్నీ అబద్ధం రాసి నిజమన్నాం. ఇది నిజం రాసి అబద్ధమంటున్నాం." కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. "నీ వారం రోజుల భక్తి నా మెడకి చుట్టుకుంది గదే అమ్మాయ్."

సంతకం పెట్టారు. మర్నాడు పొద్దున ప్రార్థన ఎప్పుడూ ఆమే చేసేవారు, ఆ రోజు నన్ను చెయ్యమన్నారు. నేనూ చెయ్యకుండా, పిల్లల చేత ఒక పాట పాడించి క్లాసులకి పంపేశాను.

ఆ వారమే తల్లీ పిల్లా ప్యాసింజరులో తెనాలి వచ్చారు. నేను సెలవు పెట్టి స్టేషన్లో కలిశాను. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టి పిల్లకి చెప్పాను. చర్చికి వెళతావా అని అడిగితే వెళ్ళనని చెప్పమన్నాను.

"అబద్ధం గదా టీచర్" అంది.

"అబద్ధమే. చెప్పాలి."

"మీరూ చెబుతారా?"

"నన్నడిగితే నేనూ చెబుతాను."

దారంతా తల్లి కొంగు పట్టుకుని నడిచింది, పదో తరగతి పిల్ల.

ఆఫీసరు గారు చెడ్డమనిషేం కాదు. టేబులు నిండా ఫైళ్ళు, మొహం నిండా విసుగు. నాలాంటి మనిషే. ఉత్తరం చదివి నవ్వారు.

"క్రిస్టియన్ స్కూల్లో క్రిస్టియన్ అని రాయడం పొరపాటా మేడమ్?"

"అవునండి" అన్నాను. "పొరపాటే. నా చేతి పొరపాటు."

నా గొంతు నాకే వినపడలేదు. మా నాన్న మాస్టారి చెవి దగ్గర వంగినప్పుడు ఆయన గొంతు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆయన పిల్ల వైపు తిరిగారు. "ఏమ్మా, చర్చికెళతావా?"

"లేదండి."

తడబడలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఆయన కాసేపు దాని మొహంలోకి చూశారు.

"క్రిస్మస్‌కి కూడానా?"

"వెళ్ళనండి."

తల్లి తల దించుకుని నిలబడి ఉంది. ఆమెనేమీ అడగలేదు ఆయన. సంతకం పెట్టి, స్టాంపు వేసి, కాగితం నా చేతికిచ్చారు. మొత్తం పది నిమిషాలు పట్టలేదు.

సీటు వచ్చింది, ముందే చెప్పేస్తున్నాను. ఆ ఆర్డరు చూపించి రిజిస్టర్లో నా అక్షరాలని ఎర్రసిరాతో నేనే కొట్టేసి, పైన కొత్తగా రాశాను. పక్కన అమ్మగారు పొట్టి సంతకం పెట్టారు. ఎమ్మార్వో ఆఫీసులో సర్టిఫికెట్టు ఇచ్చారు. మరుసటి జూన్‌లో ఆ పిల్ల ట్రంకుపెట్టెతో బాపట్ల వెళ్ళింది. నాట్లకి వెళ్ళే బాధ తప్పింది. అంతవరకు నాకు సంతోషమే. ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

కాని ఆర్డరు చేతికొచ్చిన రోజు సాయంత్రం స్టేషన్ సంగతి మిగిలిపోయింది. వాళ్ళని రేపల్లె బండి ఎక్కించడానికి వెళ్ళాను. తల్లి లోపల చోటు చూసుకుని కూర్చుని, "మీ మేలు మర్చిపోనండి పంతులమ్మగారూ" అంది. ఏం మేలు! నేను చేసిందాన్ని నేనే చెరిపించినందుకు దండం పెట్టించుకున్నాను. పిల్ల కిటికీ దగ్గర కూర్చుంది. కాగితం ఉన్న ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ కణుపులు ముట్టుకుంటూ ఏదో లెక్కేసుకుంటోంది.

"ఏంటే లెక్క?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"మీరొకసారి అన్నారు. నేను రెండుసార్లు అన్నాను" అంది. "మూడయ్యాయి గదా టీచర్?"

వెటకారం లేదు, ఏడుపూ లేదు. లెక్క సరిపోయిందో లేదో టీచర్ని అడుగుతున్నట్టే అడిగింది. నోర్మూసుకోమనడానికి ఈసారి నాకు నోరు రాలేదు. గార్డు విజిలేశాడు. బండి కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు పక్కనే నడిచాను.

"అవునమ్మా, మూడే" అన్నాను.